యౌవనస్థుల పాఠము: రేపటి సంగతిని నేడు కొనుట, అమ్ముట



మన సంఘములోని తల్లి ఒకామె అడిగిన ప్రశ్ననుబట్టి ఈ నెల పాఠము వ్రాయుచున్నాను. ఆమె కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. చెల్లెలి పెండ్లికని దాచిన 2 లక్షల రూపాయలను తన చేతికిమ్మని అతడు అడుగుచున్నాడట. అమెరికా దేశములో ఒక బజారున్నదనియు, తాను నిద్రపోవుచుండగా కంప్యూటరు ప్రోగ్రాము ఒకటి తన పక్షముగా ఆ బజారులో కొని, అమ్మి, లాభము తెచ్చిపెట్టుననియు చెప్పుచున్నాడట. “అయ్యగారూ, ఇది వ్యాపారమా, జూదమా? ఇయ్యమందురా, మానమందురా?” అని ఆమె అడిగెను. ఆ చిన్నవాడు తెలివిగలవాడు, సోమరి కాడు. అట్టివానిని గద్దించి పంపుట సులువే. అయితే వాడు చెప్పు సంగతి మనకు తెలియకుండ గద్దించినయెడల, “పెద్దలకేమి తెలియును” అనుకొని వాడు రహస్యముగా చేయును. కాబట్టి మొదట సంగతి నేర్చుకొందము.

ఆ బజారులను ప్రెడిక్షన్ మార్కెట్లందురు. భవిష్యత్తు అంచనాల బజారు అని మనము చెప్పుకొనవచ్చును. ఇందులో అమ్ముడుపోవునది మిరపకాయలు కావు, ప్రత్తి కాదు. ఒక ప్రశ్నకు జవాబు. “ఫలాని తేదీలోగా ఫలాని సంగతి జరుగునా?” అని ప్రశ్న వేయుదురు. దానికి ‘అవును’ అను వాటాయు, ‘కాదు’ అను వాటాయు ఉండును. సంగతి జరిగినయెడల ‘అవును’ వాటా ఒక్కొక్కదానికి ఒక డాలరు వచ్చును, ‘కాదు’ వాటా చిత్తుకాగితమగును. జరగనియెడల ‘కాదు’ వాటాకు డాలరు. ఫలితము తేలువరకు ఈ వాటాల ధర ఒక డాలరుకు లోపల ఎక్కుచు దిగుచు ఉండును. ‘అవును’ వాటా 62 సెంట్లు పలుకుచున్నదనగా, అది జరుగుటకు నూటికి 62 పాళ్లు అవకాశమున్నదని బజారు తలంచుచున్నదని అర్థము.

ఇది మొదట చదువుకొరకు పుట్టినది. 1988లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు అధ్యక్ష ఎన్నికలమీద ఇట్టి చిన్న బజారును పెట్టిరి. ఒక్కొక్కరు 500 డాలర్లకు మించి పెట్టకూడదని నిబంధన. ఇప్పుడున్న పెద్ద బజారులు వేరు. పాలీమార్కెట్ అనునది 2020లో మొదలైనది. కాల్షి అనుదానికి అదే సంవత్సరము ఆ దేశపు కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్ అనుమతినిచ్చెను, 2021లో అది తెరవబడెను. ఎన్నికలు, వడ్డీ రేట్లు, వాతావరణము, ఆటలు, యుద్ధములు, వీటన్నిటిమీదను అక్కడ ప్రశ్నలుండును.

ఇక ఆ డాలరు ఎక్కడనుండి వచ్చును? ఒకడు ‘అవును’ వాటాకు 62 సెంట్లు పెట్టును. మరియొకడు ‘కాదు’ వాటాకు 38 సెంట్లు పెట్టును. రెండును కలిసి ఒక డాలరు. ఆ డాలరునే ప్రక్కనుంచి, ఫలితము తేలిన దినమున గెలిచినవానికి ఇత్తురు. తేలకముందే తన వాటాను అమ్ముకొనవచ్చును గాని, అప్పుడును కొనువాడొకడు దొరకవలెను. ప్రత్తి విత్తినవానికి నేల పండును. కంపెనీ వాటా కొనినవానికి, ఆ కంపెనీ పనిచేసి సంపాదించిన దానిలో పాలు రావచ్చును. ఇక్కడ పండునది ఏమియు లేదు. ఒకని జేబులోనుండి పోయినదే మరియొకని జేబులోనికి వచ్చును. బజారువారు రుసుము తీసికొన్నచో అదియు అందులోనుండియే పోవును. కాబట్టి “నాకు లాభము వచ్చును” అను ప్రతివాడును “అవతలివానికంటె నేను ఎక్కువ ఎరిగినదేమి?” అను ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలెను. ఈ ప్రశ్నను చదువరులు మనసులో ఉంచుకొందురు గాక. ముందుకు దానితో పని యున్నది.

కొనుట, అమ్ముట ఎట్లు జరుగునో చూతము. సంతలో ఎద్దుల బేరము చూచినవారికి ఇది కష్టము కాదు. కొనువాడు ఒక ధర చెప్పును, అమ్మువాడు దానికి మించి చెప్పును, దళారి తువాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరము కుదుర్చును. అంచనాల బజారులో తువాలు లేదు. కొనువారు చెప్పిన ధరలును అమ్మువారు చెప్పిన ధరలును, ఒక్కొక్క ధరకు ఎన్ని వాటాలో ఆ లెక్కతోకూడ, అందరికి కనబడునట్లు ఒక పట్టీగా ఉండును. దానిని ఆర్డర్ బుక్ అందురు.

ఒక ప్రశ్నకు ‘అవును’ వాటా పట్టీ ఇట్లున్నదనుకొనుడి. అమ్మువారిలో ఒకడు 63 సెంట్లకు 100 వాటాలు, మరియొకడు 64 సెంట్లకు 150, ఇంకొకడు 70 సెంట్లకు 400 అమ్మెదమనుచున్నారు. కొనువారిలో ఒకడు 60 సెంట్లకు 300 వాటాలు, మరియొకడు 59 సెంట్లకు 500 కొనెదమనుచున్నారు. మన చిన్నవాడు వచ్చి, ధర చెప్పక, “500 వాటాలు నాకిప్పుడే కావలెను” అనును. దీనిని మార్కెట్ ఆర్డరు అందురు. అప్పుడేమగును? 63 చొప్పున 100 వాటాలకు 63 డాలర్లు, 64 చొప్పున 150కి 96 డాలర్లు, తక్కిన 250కి 70 చొప్పున 175 డాలర్లు. మొత్తము 334 డాలర్లు. 63 సెంట్లని చూచి కొనినవానికి వాటా ఒక్కొక్కటి సగటున 66.8 సెంట్లు పడినది. మరుక్షణమే మనసు మారి, అదే విధముగా అమ్మబోయినయెడల, 60 చొప్పున 300కు 180 డాలర్లు, 59 చొప్పున 200కు 118 డాలర్లు, వెరసి 298 డాలర్లు చేతికి వచ్చును. లోకములో ఏ సంగతియు మారలేదు. ఏ వార్తయు రాలేదు. వచ్చి పోయినందుకే 36 డాలర్లు పోయినవి.

ఇట్లు కాకుండ, “63 సెంట్లకు మించి ఇయ్యను” అని చెప్పి ఆర్డరు పెట్టవచ్చును. ఇది లిమిట్ ఆర్డరు. పాలేరును సంతకు పంపుచు, “ఇంతకు మించి పెట్టవద్దు, దొరకనియెడల ఊరక తిరిగి రా” అని చెప్పినట్టిది. అప్పుడు 100 వాటాలు దొరకును. తక్కిన 400కు ఆర్డరు పట్టీలో కాచుకొనియుండును, అమ్మువాడు వచ్చువరకు, లేదా మనము రద్దుచేయువరకు. కొద్దిగా ఎరిగినవారందరు లిమిట్ ఆర్డరే పెట్టుమందురు, అది మంచి మాటయే. అయితే కాచుకొనియున్న ఆర్డరులోనే మరియొక గుంట ఉన్నది. దానికి వచ్చెదను.

ఇప్పుడు బాట్ సంగతి. బాట్ అనగా ఈ పనిని మనిషికి బదులు చేయు ప్రోగ్రాము. కాల్షి గాని పాలీమార్కెట్ గాని, ప్రోగ్రాములు నేరుగా ఆర్డరు పంపుటకు ఏపీఐ అను ద్వారము తెరచియుంచినవి. బాట్ ఆ ద్వారమునుండి పట్టీని చదువును. తనకు చెప్పియుంచిన అంచనా అంకెతో ధరను పోల్చి చూచును. ధర తక్కువయైతే కొనుమని, ఎక్కువయైతే అమ్ముమని ఆర్డరు వ్రాయును. ఏ ప్రశ్న, ‘అవును’నా ‘కాదు’నా, ఎన్ని వాటాలు, ఏ ధర, ఎంతసేపు నిలుచును, ఇవి ఆ ఆర్డరులో ఉండును. యజమాని రహస్యపు తాళముతో దానిమీద సంతకము వేసి పంపును. మరల పట్టీని చదువును. అలసిపోదు, కునుకదు, ఆశపడదు, భయపడదు.

వినుటకు ఇంపుగానే యున్నది. అయితే ఆ అంచనా అంకె ఎక్కడనుండి వచ్చినది? దానిని బాట్ కనిపెట్టలేదు. యజమాని ఇచ్చినది, లేక యజమాని వ్రాసిన సూత్రము ఇచ్చినది. యజమానికి తెలియనిది పాలేరుకు తెలియదు.

దీనికి ఒక నిదర్శనము చెప్పెదను. 16వ శతాబ్దములో రోము పట్టణస్థులు పోపు ఎన్నికమీద పందెములు కాయుచుండిరి. 1591లో 14వ గ్రెగొరీ పోపు అట్టి పందెములను నిషేధించి, కాయువారిని వెలివేయునట్లు శాసనము చేసెను. (మనము ఆయన శాసనముల క్రిందివారము కాము గాని, ఈ ఒక్క శాసనములో నాకు తప్పు కనబడలేదు.) నాలుగు వందల ఏండ్లు దాటిన తరువాత, 2025 మే నెలలో జరిగిన పోపు ఎన్నికమీద పాలీమార్కెట్, కాల్షి రెండిటిలోను ప్రశ్న వేసిరి. ఎన్నికకు ముందు ఇటలీ దేశపు పారోలిన్ కార్డినలు వాటా అందరికంటె ఎక్కువ పలుకుచుండెను. అమెరికా దేశస్థుడైన ప్రెవోస్ట్ కార్డినలు వాటా ఇంచుమించు 1 సెంటు దగ్గర పడియుండెను. మే 8న ఎన్నికై 14వ లియో పోపు అయినది ఆయనయే. నూటికి ఒక పాలు అన్నది జరగకూడదని లేదు, కాబట్టి బజారు అబద్ధమాడెనని నేననను. అయితే తాళము వేసిన ఆ గదిలోని మాటలు ఏ ఏపీఐ ద్వారమునను బయటికి రాలేదు. వేయి బాట్లు రాత్రియంతయు ఆ పట్టీని చదివినను, అవి చదివినది ఒకరి ఊహమీద మరియొకరి ఊహయే.

తెలిసినవాడు గెలుచును. దానికిని నిదర్శనమున్నది. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఫ్రాన్సు దేశస్థుడొకడు పాలీమార్కెట్‌లో ట్రంపు పక్షమున కోట్లకొలది డాలర్లు గెలిచెను. అతడు స్వంత ఖర్చుతో ఒక సర్వే చేయించెను. “నీవు ఎవరికి ఓటు వేయుదువు?” అని అడుగుటకు బదులు “నీ ఇరుగుపొరుగువారు ఎవరికి వేయుదురనుకొందువు?” అని అడిగించెను. అట్లు ఇతరులకు లేని ఎరుక సంపాదించి, ధర తనమీదికి ఎగబ్రాకకుండ కొద్దికొద్దిగా ఆర్డర్లు పెట్టెను. హైదరాబాదులో అద్దె గదిలోనున్న మన చిన్నవానికి అట్టి సర్వే లేదు. అవతలి ప్రక్కన కూర్చున్నవాడు అట్టివాడు కావచ్చును.

ఇక కాచుకొనియున్న ఆర్డరు సంగతి. మన బాట్ “60 సెంట్లకు 300 వాటాలు కొందును” అని ఆర్డరు పెట్టి ఉన్నది. ప్రశ్న, ఒక బిల్లు ఈ నెలలో చట్టమగునా అని అనుకొనుడి. ఇంతలో సభ వాయిదా పడినదని వార్త వచ్చెను. ఇక ఆ వాటా విలువ 20 సెంట్లు కూడ ఉండదు. మన బాట్‌కు వార్త చదువుట నేర్పలేదు, లేదా నేర్పినను రెండు క్షణములు ఆలస్యము. వార్త ముందు విన్న మరియొక బాట్ తన 300 వాటాలను మన 60 సెంట్ల ఆర్డరుమీద పడవేసి పోవును. మన ఆర్డరు నెరవేరినది! చెప్పిన ధరకే నెరవేరినది. అందుకే నష్టము. మంచి వార్త వచ్చినప్పుడు ఎవడును మనకు 60కి అమ్మడు. చెడువార్త వచ్చినప్పుడు పరుగెత్తివచ్చి అమ్మును. కాచుకొనియున్న ఆర్డరు త్వరగా నెరవేరినదనగా, కొన్నిమార్లు అది మనకు కావలసిన బేరము కాదని దానికదే గుర్తు.

“బాట్లతో ఎవరికిని లాభము రాదా?” అందురు. వచ్చును. 60కి కొందునని, 63కు అమ్ముదునని రెండు ప్రక్కల ఆర్డర్లు పెట్టి, ఆ 3 సెంట్లతో బ్రతుకు కంపెనీలున్నవి. 2024లో సస్కెహానా అను పెద్ద వ్యాపార సంస్థ కాల్షిలో ఈ పనికి దిగెను. ఒక్కొక్కప్పుడు ‘అవును’ 48కిని, ‘కాదు’ 49కిని దొరకును. రెండును కొనినయెడల 97 సెంట్లకు ఒక డాలరు నిశ్చయము. యూట్యూబులో చూపించునది సాధారణముగా ఇదే. అయితే ఆ 3 సెంట్లను వేయి యంత్రములు కాచుకొనియున్నవి. మన బాట్ ‘అవును’ కొని ‘కాదు’ కొనబోవులోగా అది అమ్ముడుపోవును. అప్పుడు నిశ్చయమైన లాభమునకు వెళ్లినవాడు, తాను ఏమియు ఎరుగని ప్రశ్నమీద ఒంటికాలిమీద నిలిచియుండును.

యంత్రము ఆశపడదంటిని. నిజమే, అయితే అది సిగ్గుపడదు కూడ. మనిషి రెండుమార్లు నష్టపోయినయెడల మూడవమారు చేయి వణకును. బాట్ అదే తప్పును తెల్లవారువరకు చేయును. ఆర్డరు పంపగా ఇంటర్నెట్టు తెగినదనుకొనుడి. చేరినదో లేదో తెలియక బాట్ మరల పంపును. మొదటిదియు చేరియున్నయెడల, రెండు ఆర్డర్లు. ఇది పిల్లల తప్పు మాత్రమే కాదు. 2012 ఆగష్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అను పేరుపొందిన షేర్ల వ్యాపార సంస్థ తన కంప్యూటర్లలో క్రొత్త ప్రోగ్రాము పెట్టెను. ఎనిమిదింటిలో ఏడింటికి పెట్టి, ఎనిమిదవదానిలో మరచిరి. అందులో మిగిలియున్న పాత ప్రోగ్రాము మేలుకొని ఆర్డర్లమీద ఆర్డర్లు పంపెను. 45 నిమిషములలో 46 కోట్ల డాలర్లకు మించి నష్టము వచ్చెను. జీతములిచ్చి ఇంజనీర్లను పెట్టుకొనినవారి గతి అది. బాట్ నడుపువాడు కనీసము ఒక దినమునకు ఇంతకు మించి ఖర్చుపెట్టకూడదని హద్దు, ఇంత నష్టము రాగానే ఆగిపోవలెనని హద్దు దానిలో వ్రాయవలెను. ఆ చిన్నవానిని ఈ హద్దులు చూపించుమని అడుగుడి.

రహస్యపు తాళము సంగతి కూడ అడుగుడి. బాట్ సంతకము వేయవలెనంటే తాళము దాని చేతిలో ఉండవలెను. పాలీమార్కెట్‌లో ఆ తాళము డిజిటల్ సంచికి తాళము. అది గలవాడు సంచి ఖాళీచేయగలడు. టెలిగ్రాములో ఎవరో ఉచితముగా ఇచ్చిన బాట్‌ను తెచ్చుకొని దానికి తాళము అప్పగించుట, పేరు తెలియని బాటసారికి ఇనుపపెట్టె తాళపుచెవి ఇచ్చి పొలమునకు పోవుటయే.

ప్రశ్నలోని మాటలు కూడ చిక్కు తెచ్చును. 2025లో పాలీమార్కెట్‌లో, ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ జూలై నెలకు ముందు సూటు తొడుగునా అని ఒక ప్రశ్న ఉండెను. నవ్వవద్దు, కోట్లకొలది డాలర్లు దానిమీద చేతులు మారినవి. జూన్ నెలాఖరున ఆయన నేటో సభకు నల్లని కోటు, నల్లని లాగు తొడిగి వచ్చెను. అది సూటేయని కొన్ని పత్రికలు వ్రాసెను, కాదని కొందరనిరి. వివాదము యూఎంఏ అను డిజిటల్ నాణెము గలవారి ఓటుకు పోయి, కడపటికి ‘కాదు’ అని తేలెను. కన్నులతో చూచినవారే తగవులాడిన సంగతిలో బాట్ ఏమి చేయగలదు?

ఇంతవరకు లెక్క. ఇక చట్టము. పందెపు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోను నిషేధించిరి. మన దేశములోనే ‘ఓపీనియన్ ట్రేడింగ్’ అను పేరుతో ఇట్టి బజారులు నడుచుచుండగా, 2025 ఏప్రిల్ 29న సెబీ ప్రజలను హెచ్చరించెను: అవి తన అధికారము క్రిందివి కావనియు, అందులో డబ్బు పెట్టినవారికి మదుపరులకుండు రక్షణ ఉండదనియు. 2025 ఆగష్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము, నైపుణ్యమైనను అదృష్టమైనను, డబ్బు పందెపు ఆటలను నడుపుటను నేరముగా చేసెను; నడుపువారికి 3 సంవత్సరముల వరకు చెరసాల, కోటి రూపాయల వరకు జరిమానా కలదు. ఆ నెలలోనే ఇక్కడి ఓపీనియన్ ట్రేడింగ్ కంపెనీలు డబ్బుతో ఆడించుట మానినవి. డల్లాస్‌లోను న్యూజెర్సీలోను నున్న మన పిల్లలకు చట్టము వేరు గాని లెక్క వేరు కాదు. ఇక్కడనుండి దొడ్డిదారిని డిజిటల్ డాలర్లు కొని పంపినవాడు మోసపోయినయెడల, ఎవరి గడప ఎక్కును? ఇదివరకే మోసపోయినవారుంటే సిగ్గుపడి దాచక, సైబరు నేరముల నంబరు 1930కి వెంటనే ఫోను చేయుడి.

“అపొస్తలులు చీట్లు వేసిరిగదా” అని యౌవనస్థులలో ఒకడు తప్పక అడుగును. మత్తీయను ఏర్పరచుకొన్నప్పుడు చీట్లు వేసినమాట నిజమే. అక్కడ ఎవడును డబ్బు పెట్టలేదు, ఎవని నష్టము మరియొకనికి లాభము కాలేదు. రాబోవు దినములను లెక్కించుట పాపమని నేననను. కరవు రాబోవునని ఎరిగిన యోసేపు ధాన్యము కొట్లలో చేర్చెను. ఎరుకను ఎందుకు వినియోగించితిమన్నదే ప్రశ్న.

కాబట్టి అమ్మా, నీ ప్రశ్నకు నా జవాబు. ఎరుకతో, చిన్న మొత్తముతో, చట్టము అనుమతించు దేశములో చేయువానికి అది సాహసపు వ్యాపారము కావచ్చును. అవతలివానికంటె ఎక్కువేమియు ఎరుగక, యంత్రము ఎరుగునని నమ్మి చేయువానికి అది జూదమే. ఆర్డరు వ్రాసినది యంత్రమైనంత మాత్రమున పేరు మారదు. పెండ్లి డబ్బు అందులోనికి పోకూడదు. ఆ డబ్బు బ్యాంకులో నీ కుమార్తె పేరిట వేయుము.

అతని తెలివిని మాత్రము అణచవద్దు. ప్రోగ్రాము వ్రాయుట మంచి చదువు. డబ్బు పెట్టక, ఉత్తుత్తి ఆర్డర్లతో బాట్‌ను మూడు నెలలు కాగితముమీద నడపమనుము. అది వేయు ప్రతి ఆర్డరును, ఆ సమయమున పట్టీలోనున్న ధరలను, రుసుమును పుస్తకములో వ్రాయించుము. మనకు వచ్చు ధర ఎప్పుడును పట్టీలోని చెడ్డ ప్రక్కదే అని లెక్క కట్టవలెను. లేనియెడల కాగితముమీద అందరును గొప్పవారే.

వచ్చు కూటమునకు యౌవనస్థులందరు ఒక నోటుపుస్తకము తెచ్చుకొనుడి. రాబోవు నెలకు సంబంధించిన పది ప్రశ్నలు వ్రాసి, ఒక్కొక్కటి జరుగుటకు నూటికి ఎన్ని పాళ్లో మీ అంచనా వేయుడి. మన మండలములో పదునైదవ తేదీలోగా వాన పడునా, ప్రత్తి క్వింటాలు ధర ఇప్పటికంటె పెరుగునా, ఇట్టివి. నెల ముగిసిన తరువాత విప్పి చూతము. దానితోకూడ ఒక లెక్క చేసి తెండి: పైన చెప్పిన పట్టీలో మన చిన్నవాడు 500 వాటాలకు 64 సెంట్ల లిమిట్ ఆర్డరు పెట్టియున్నయెడల, ఎన్ని వాటాలు దొరికియుండును, ఎన్ని డాలర్లు పోయియుండును, ఎన్ని వాటాలకు ఆర్డరు కాచుకొని మిగిలియుండును?